ఏడు రాత్రులు, కోటలు, పల్లెలు: వేల్సా, రైన్ లోయా, లువార్ తీరమా?

గుత్తిదుర్గం (అనంతపురం)
మే ఆఖరి వారంలో ఏడు రాత్రులు ఉన్నాయి. మేమిద్దరం, అమ్మానాన్న. నాన్నకు మోకాళ్ళ నొప్పి, అందరం శాకాహారులం. కోటలు, చుట్టూ పల్లెలు కావాలి, పెద్ద నగరాలు వద్దు. బెంగళూరు నుంచి ఎక్కుతాం. బ్రిటన్‌లోని వేల్స్, జర్మనీలోని రైన్ లోయ, ఫ్రాన్స్‌లోని లువార్ తీరం, ఈ మూడింట్లో ఏది?

పెన్నా_లోయ (కడప)
వేల్స్ పో అన్నా. గండికోట బురుజుల మీద తిరిగినోళ్ళకు కోట అంటే కోటే కావాల, అద్దాలూ పట్టెమంచాలూ ఉండే మహలు కాదు. ఉత్తర వేల్స్‌లో కాన్వీ, కెర్నార్వన్, హార్లెక్, బొమారిస్ నాలుగూ ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 13వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టించినవి. 1986లో నాలుగింటినీ కలిపి యునెస్కో జాబితాలో చేర్చినారు. కాన్వీ కోట 1283 నుంచి 1287 లోపల లేచింది. దాన్ని ఆనుకొని 1.3 కి.మీ. ఊరిగోడ ఇప్పటికీ నిలబడి ఉంది, చాలా భాగం మీద నడవొచ్చు. బొమారిస్ 1295లో మొదలై, డబ్బు చాలక సగంలో ఆగింది. బురుజులు పూర్తి ఎత్తుకు లేవకపోయినా ప్రాకారం లోపల ప్రాకారం ఎట్ల పన్నినారో స్పష్టంగా కనపడుతుంది. నాకైతే నాలుగింట్లో అదే గొప్పది.

కాన్వీలోనే గది తీసుకోండి. కార్లో బొమారిస్ అరగంట, కెర్నార్వన్ ముప్పావు గంట, హార్లెక్ గంట పైన. దారిపొడుగునా స్నోడోనియా కొండలు, గొర్రెల మందలు, రాతి గోడల పొలాలు. అక్కడ బండి నడిపేది మన మాదిరి ఎడమ పక్కనే. మన లైసెన్సు 12 నెలల దాకా చెల్లుతుంది. ఒకటి మాత్రం మర్చిపోవద్దు: గేర్లు లేని ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేసుకోవాల, క్రెడిట్ కార్డు నడిపేవాళ్ళ పేరు మీదే ఉండాల. డెబిట్ కార్డు చాలా కంపెనీలు ఒప్పుకోవు, కౌంటర్ దగ్గరే ఆగిపోవాల్సి రావొచ్చు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
అన్నా, మోకాళ్ళ సంగతి మర్చిపోయి చెప్తున్నావు. కాన్వీ బురుజులెక్కాలంటే ఇరుకైన రాతి చుట్టుమెట్లే, ఒక మనిషి ఎక్కుతుంటే ఇంకొకరు దిగలేరు. పైగా మే ఆఖరి సోమవారం బ్రిటన్‌లో సెలవు, ఆ వారమంతా బడులకూ సెలవులే. అప్పుడు కాన్వీ లాంటి చిన్న ఊర్లో నలుగురికి గదులు దొరికితే అదృష్టమే.

నేనైతే రైన్ అంటాను. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా 65 కి.మీ. లోయలో దాదాపు 40 కోటలు, 2002 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. పడవ డెక్కు మీద కూర్చుంటే ఒక్క మెట్టు ఎక్కకుండా ద్రాక్షతోటల పైన ఒకదాని తర్వాత ఒక కోట కనపడుతుంది. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరు విమానం, అక్కడి నుంచి గంటన్నరలో రైలు మీద రైన్ ఒడ్డున ఉన్న బాపార్డ్ ఊరు. ఏడు రాత్రులూ అక్కడే ఉండొచ్చు, పెట్టెలు మళ్ళీ సర్దే పని లేదు. బాపార్డ్‌లో కొండ పైకి కుర్చీల రోప్‌వే కూడా ఉంది. కాకపోతే కుర్చీ ఆగదు, కదులుతుండగానే కూర్చోవాలి. నాన్నగారికి అది కుదురుతుందో లేదో ముందే ఆలోచించుకోండి.

లోపలికి పోయి చూడాలంటే మార్క్స్‌బుర్గ్. ఆ లోయలో కొండ మీది కోటల్లో ఎప్పుడూ ధ్వంసం కానిది అదొక్కటే. గైడు వెంటే తిరగాలి, లోపల ఎగుడుదిగుడు రాతి మెట్లు ఉన్నాయి. ఇంకో మాట: మైంజ్‌కూ కోబ్లెంజ్‌కూ నడుమ రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. అవతలి గట్టుకు ఫెర్రీలోనే పోవాలి, ఆఖరి ఫెర్రీ టైము చూసుకొనే బయల్దేరండి.

పెన్నా_లోయ
చుట్టుమెట్ల మాట ఒప్పుకుంటా. అయినా వేల్స్ కోటలన్నీ అట్ల కావు. కెర్నార్వన్‌లో రాజద్వారం పైకి 2023 నుంచి లిఫ్టు ఉంది. బొమారిస్ చదును నేల మీది కోట, కందకం చుట్టూ, లోపలి ఆవరణలో హాయిగా నడవొచ్చు. సెలవుల బెడద తప్పాలంటే ప్రయాణం జూన్ మొదటికి జరుపుకోండి.

సిద్ధవటం_అక్క
లువార్‌ను ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి చెప్తున్నా. టూర్ పట్టణంలో గది పెట్టుకుంటే షెనాన్సోకు అరగంట రైలు, స్టేషన్ దిగితే కోట వాకిలే. షేర్ నది మీద వంతెన మాదిరి కట్టిన కోట అది. అంబాజ్‌కు కూడా రైలుంది, లియొనార్డో డావించి 1519లో కన్ను మూసిన ఊరు. నేల చదును, నాన్నగారికి దీనికంటే సుఖమైన చోటు లేదు. ఇబ్బంది షాంబోర్ దగ్గరే. నాలుగు వందలకు పైగా గదులు ఉన్న ఆ కోటకు రైలు లేదు, బ్లువాలో దిగి బస్సు పట్టుకోవాలి. తిండి విషయం కూడా చెప్పాలి: పల్లెల్లో హోటళ్ళు మధ్యాహ్నం రెండుకు వంటిల్లు మూసేసి రాత్రి ఏడుకే తెరుస్తాయి. వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి.

నెయ్యి, పాలకోవా తీసుకుపోవద్దు తమ్ముడూ. యూరప్‌లో గానీ బ్రిటన్‌లో గానీ మన పాల పదార్థాలను లోపలికి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అంతే. కందిపొడి, ఊరగాయ గట్టిగా సీలు వేసి పెట్టె అడుగున పెట్టుకోండి.

గుత్తిదుర్గం
అక్కా, షాంబోర్ లాంటివి నాన్నకు మహళ్ళే అనిపిస్తాయి, ఆయనకు బురుజు కావాలి. రైన్ వైపే మొగ్గుతున్నాం. ఒకటే సందేహం: నాన్నకు జీతం లేదు, వ్యవసాయమే. ఐటీ రిటర్న్ లేదు. వీసాకు ఏం పెట్టాలి?

తుంగభద్ర_తీరం
పట్టాదారు పాసుపుస్తకం, 1బి నకలు (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), వాటి ఇంగ్లీషు అనువాదం పెట్టండి. పంట అమ్మిన డబ్బు ఒకేసారి బ్యాంకులో పడి ఉంటే దాని పక్కన మార్కెట్ యార్డు రసీదు తప్పక ఉండాలి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని పెద్ద మొత్తమే అనుమానానికి దారి తీస్తుంది. ఖర్చు మీరు పెట్టుకుంటుంటే ఆ మాట ఒక లేఖలో రాసి, మీ స్టేట్‌మెంట్లు, ఆయన కొడుకని చూపే కాగితం జత చేయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉందా, పూర్తిగా ఉందా చూసి, టికెట్లోనూ బీమాలోనూ అచ్చం అట్లే రాయించండి. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. షెంజెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే ఒకే వీసా) అర్జీ ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ప్రయాణానికి 15 రోజుల ముందు దాకే గడువు. ఒక్కోసారి నిర్ణయానికి 45 రోజులు పట్టొచ్చు, కాబట్టి ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ చూసుకోండి.

ఆదివారం జర్మనీలో అంగళ్ళు మూసేస్తారు, శనివారమే కూరగాయలు కొనండి. గది బుక్ చేసేటప్పుడు రైలు పట్టాల వైపు కిటికీ వద్దని రాయండి. లోయకు రెండు గట్లనా రైలు మార్గమే, రాత్రంతా గూడ్సు బండ్లు పోతానే ఉంటాయి.