“అర్థిఁ గలవచ్చి”: కలా, కలవడమా?

పెన్న ఒడ్డు:
సభ్యులందరికీ నమస్కారం. తిక్కన భారతంలో విరాటపర్వం అవతారికలో (పీఠికలో) తిక్కనకు కలలో తండ్రి కొమ్మన దండనాథుడు కనిపించే సీసం ఉంది కదా, దాని ఎత్తుగీతి (సీసం చివర వచ్చే నాలుగు పాదాల చిన్న పద్యం) మొదటి పాదం కొన్ని నెలలుగా నన్ను వెంటాడుతున్నది. మా నాయన ఏటా తాతగారి తద్దినం నాడు, విస్తరి ముందు కూర్చునే ముందు, ఆ పద్యం మొత్తం చదివేవారు. ఇప్పుడు ఆయనా లేరు. నాకు చెవిలో మిగిలిన పాదం “అర్థి గలవ వచ్చి వాత్సల్య మతిశయిల్ల” అని. బిడ్డను కలవడానికి ఆశపడి వచ్చాడని ఇన్నేళ్ళూ దానికి అర్థం చెప్పుకున్నాను.

బోడిగాడితోట దగ్గర నాయనకు పిండం పెట్టిన రోజున ఎంతసేపు నిలబడినా కాకి వాలలేదు. చివరకు అమ్మ ముందుకు వచ్చి, “చిన్నదాని చదువు నేను చూసుకుంటాలే, నువ్వు దిగులు పెట్టుకోబాక” అని పైకి అన్న తరువాత ఒక కాకి వచ్చి ముట్టింది. ఆ క్షణాన నాకు ఈ “అర్థి” అనే మాటే తోచింది. నా చెవిలో ఉన్న “కలవ” సరైన పాఠమేనా, దయచేసి చెప్పండి.

కనిగిరి:
అమ్మా, “కలవ” పొసగదు. ఎత్తుగీతి తేటగీతి కనుక “అర్థిఁ” సూర్యగణం కాగా, దాని తరువాత ఇంద్రగణం రావాలి. “గలవచ్చి” సలం (రెండు లఘువులు, గురువు, లఘువు), సరిపోయింది. “గలవవచ్చి” అంటే మూడు లఘువుల మీద ఒక గురువు, మళ్ళీ ఒక లఘువు. అది ఏ ఇంద్రగణమూ కాదు. “అర్థిఁ” ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట, అరసున్న దాని గుర్తే) కాబట్టి “కల”లోని పరుషం సరళమై “గల” అయింది. అది స్వప్నమే, సందేహం అక్కరలేదు. కొందరు “గల” అన్నదాన్ని “కలిగిన” అనే అర్థంలో తీసుకుని “అర్థి గలవాడై వచ్చి” అని చెబుతారు గానీ, అరసున్నను పక్కన పెడితే తప్ప ఆ అర్థం రాదు.

ఉదయగిరి:
కనిగిరి మాస్టారు చెప్పిన ఛందస్సుతో నాకు పేచీ లేదు. అయితే “కల వచ్చి” అన్నప్పుడు “లో” ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మిగిలే ఉంది. గణం కోసం తిక్కన దాన్ని వదులుకున్నాడని అనుకోవడానికి వీలు లేదు, ఎందుకంటే “గలలోన” కూడా సలమే. “అర్థిఁ గలలోన వాత్సల్య మతిశయిల్ల / నస్మదీయ ప్రణామంబు లాదరించి” అని ఉన్నా ఛందస్సు చెడదు, యతి చెడదు, కలలో తండ్రి నమస్కారాలు అందుకున్నాడన్న భావమూ చెడదు. అంటే “లోన”, “వచ్చి” అనే రెండింటిలో ఒక్కదానికే చోటున్న సందర్భంలో ఆయన “వచ్చి”ని ఉంచుకున్నాడు. కనిపించాడన్న మాట కాదు, వచ్చాడన్న మాటే ఆయనకు కావలసి వచ్చింది. నాకు ఈ పాదంలో అన్నిటికన్నా విలువైన మాట అదే.

కావలి:
ఉదయగిరివారి పరిశీలన బాగుంది. కానీ “లో” పోయిందని ఎందుకు అనుకోవాలి? అది మొదటినుంచీ లేదని నా అభిప్రాయం. “తోడు వచ్చాడు” అంటాం. తోడులోకి వచ్చాడని దాని అర్థం కాదు, తోడుగా వచ్చాడని. అదే రీతిలో కొమ్మన కలగా వచ్చాడు. “నాకు కల వచ్చింది” అని ఈనాటికీ అంటున్నాం, అందులో వచ్చేది కలే. తిక్కన ఆ వాక్యంలో కర్తగా తండ్రిని నిలబెట్టాడు, అంతే.

కనిగిరి:
కావలివారి పోలిక చెవికి ఇంపుగా ఉన్నా అంగీకరించలేను. “మొన్న మామయ్య మా ఊరు వచ్చాడు” అంటాం. మామయ్య ఊరుగా వచ్చాడని ఎవరైనా అర్థం చెప్పుకుంటారా? జడవాచకం విభక్తి లేకుండా నిలబడి గమ్యాన్ని చెప్పడం మనకు అలవాటైన సంగతే. “కల వచ్చి” కూడా అలాంటిదే. కల ఒక చోటు, తండ్రి అక్కడికి వచ్చాడు.

ఉదయగిరి:
మీరిద్దరూ ఒక్క విభక్తి గురించే వాదిస్తున్నట్టు కనిపిస్తున్నది గానీ, అడిగిన అమ్మాయికి ఇందులో చాలా తేడా ఉంది. కలగా వచ్చాడంటే ఆ తండ్రి కొడుకు మనసు కల్పించుకున్న రూపం కావచ్చు, తెల్లవారితే ఏమీ మిగలదు. ఊరు వచ్చినట్టు కల వచ్చాడంటే, ఆయన వేరే ఎక్కడో ఉన్నాడు, అక్కడినుంచి బయలుదేరి వచ్చాడు, పని ముగించుకుని తిరిగి వెళ్ళాడు. లేని ఒక్క అక్షరాన్ని “గా” అని పూరిస్తామా, “కు” అని పూరిస్తామా అన్నదాని మీద ఇదంతా ఆధారపడి ఉంది.

సింగరాయకొండ:
అందరూ “కల” దగ్గరే ఆగిపోయారు. నా దృష్టిలో కీలకం “అర్థి”. పెన్న ఒడ్డు సోదరి కాకి విషయం చెప్పారు. మా వైపు కూడా కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందనే అంటారు, పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇస్తారు. కొమ్మన కూడా అలాంటి మిగిలిన కోరికతోనే వచ్చాడని నేను నమ్ముతున్నాను. నన్నయ చేయి ఆగిన భారతం పూర్తి కావాలన్నదే ఆ కోరిక.

ఇంకొక సంగతి కూడా గమనించండి. తాను చేపట్టిన 15 పర్వాల మొదట పోయిన తండ్రిని నిలబెట్టిన కవి, ఆ పని ముగింపుకు వస్తున్న వేళ ఆశ్రమవాసపర్వంలో పోయిన బిడ్డల్ని చూపించే ఘట్టం రాయవలసి వచ్చింది. వ్యాసుడు పిలిస్తే యుద్ధంలో పడినవారు భాగీరథి నీటిలోనుంచి లేచి వస్తారు. గాంధారికి నూరుగురు కొడుకులు, కుంతికి కర్ణుడు, సుభద్రకు అభిమన్యుడు కనిపిస్తారు. పాత పగ ఎవరిలోనూ ఉండదు. ఒక్క రాత్రి గడిపి, మళ్ళీ ఆ నీటిలోకే వెళ్ళిపోతారు. పెన్న పక్కన నివసించిన మనిషి ఆ ఘట్టాన్ని తెలుగు చేస్తున్నప్పుడు తన కళ్ళముందు ఏ నీళ్ళు కదిలాయో అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

కనిగిరి:
ఆశ్రమవాసపర్వాన్ని గుర్తు చేసినందుకు సంతోషం, ఆ ఘట్టం నాకూ ప్రాణం. కానీ “అర్థిఁ” విషయంలో విభేదిస్తున్నాను. ఇక్కడ దాని అర్థం ప్రీతితో, కోరి అని మాత్రమే. తీరని కోరిక అన్న భావాన్ని మన కర్మకాండ ఆచారంనుంచి తెచ్చి పద్యం మీద మోపకూడదు. కొమ్మన అడగడానికి రాలేదు, ఇవ్వడానికి వచ్చాడు. శివకేశవులు ఒక్కటైన హరిహరనాథుని అనుగ్రహాన్ని కొడుకుకు ముందుగా తెలియజేసినవాడు ఆయనే. “కిమస్థిమాలాం కిము కౌస్తుభం వా” అనే శ్లోకం కూడా ఆ అవతారికలోనిదే కదా. ఎముకల దండ ఇష్టమా, కౌస్తుభం ఇష్టమా, కాలకూటం రుచా, యశోద చనుబాలు రుచా అని దేవుణ్ణి అంత చనువుగా అడగగలిగిన కొడుకును చూసి తండ్రి మురిసిపోయిన సందర్భం అది. అక్కడ దిగులుకు చోటు లేదు.

సింగరాయకొండ:
మురిసిపోవడానికి కూడా రావాలన్న కోరిక ఉండాలి కదా మాస్టారూ. “అర్థి” ఎవరిదన్నదే నా ప్రశ్న.

కనిగిరి:
“వచ్చి”కి కర్త కొమ్మన. కాబట్టి “అర్థి” కూడా కొమ్మనదే. ఇందులో వాదానికి తావు లేదు.

పెన్న ఒడ్డు:
పెద్దలందరికీ కృతజ్ఞతలు. “కలవ” తప్పని తెలిసినప్పుడు మొదట కొంచెం బాధపడ్డానని దాచుకోను. ఆయన పోయినప్పటినుంచి మా అమ్మ ఎన్నోసార్లు తెల్లవారుతూనే “మీ నాయన కల్లోకొచ్చాడే” అని చెప్పింది. అరుగు మీద కూర్చున్నారట, మజ్జిగ అడిగారట, తువ్వాలు భుజం మార్చుకున్నారట. నాకు ఒక్కసారి కూడా రాలేదు. అందుకేనేమో, కలతో పనిలేకుండా నేరుగా కలవడానికి వచ్చే తండ్రిని ఆ పాదంలో నేనే తయారు చేసుకున్నట్టున్నాను.

ఉదయగిరివారు చెప్పిన తరువాత అమ్మ మాటను మళ్ళీ గమనించాను. ఇన్నిసార్లలో ఆమె ఒక్కసారీ “కనబడ్డాడు” అనలేదు, ప్రతిసారీ “వచ్చాడు” అనే అంది. కనిగిరి మాస్టారు “అర్థి” కొమ్మనదే అని తేల్చిన మాట కూడా నాకు చాలినంత ఊరట ఇచ్చింది. చూడాలన్న ఆశ నా ఒక్కదానిదే కానక్కరలేదు, అటువైపు కూడా ఉండి ఉంటుంది. “గా”నా “కు”నా అన్నది మీరు తేల్చేదాకా నేను ఊరు వచ్చినట్టే చదువుకుంటాను.

ఈసారి మహాలయ పక్షంలో ఆ పద్యం చదవవలసింది నేనే. నాయన “గల” దగ్గర కొంచెం ఊపిరి తీసుకుని “వచ్చి” అనేవారని ఇప్పుడు గుర్తుకు వస్తున్నది, అంటే ఆయన సరిగానే చదివేవారు, నేనే సరిగా వినలేదు. ఇంకొక్క సందేహం ఉంది. మూడో పాదంలో “తుష్టి దీవించి” అన్నచోట “తుష్టిఁ” అని అరసున్నతో తీసుకోవాలా? “దీవించి”లో ఎలాగూ దకారమే ఉన్నందువల్ల ఆయన గొంతులో ఆ తేడా నాకు తెలిసే వీలు లేకపోయింది.

కావలి:
నిండుగా “తుష్టిన్” అనుకుని, తృప్తితో దీవించాడని చదవండమ్మా.

కనిగిరి:
ఈ ఒక్కచోట కావలివారితో ఏకీభవిస్తున్నాను. ఆ తృప్తి కూడా తండ్రిదే.