సీప్యాప్ పైపు తల మీదుగా దింపుకోవాలా, పక్క నుంచి తెచ్చుకోవాలా?

సిల్క్‌బోర్డ్_సిగ్నల్ (బెంగళూరు)

మా నాన్నగారికి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) అని తేలాక ఇంట్లోకి సీప్యాప్ మిషన్ (పైపు, మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపేది) వచ్చింది. గురక ఆగిపోయింది, పగలు కూర్చున్నచోట కునికిపాట్లు పడడం తగ్గింది, అక్కడిదాకా బాగానే ఉంది. గొడవంతా పైపుతో. ఆరడుగుల పైపు, మిషన్ మంచం పక్కన స్టూలు మీద ఉంటుంది. కుడివైపు తిరిగి పడుకుంటే పైపు వీపు కిందకి పోతుంది, ఎడమవైపు తిరిగితే బిగుసుకుపోయి మాస్కు పక్కకి జరిగి గాలి బుస్సుమని కంట్లోకి కొడుతుంది. మిషన్ అమ్మిన షాపు అతను తల వెనక గోడకి హుక్కు కొట్టి పైనుంచి దింపుకోమన్నాడు. అమ్మేమో అదంతా హాస్పిటల్ లాగా ఉంటుంది, దుప్పటి కిందనుంచి తెచ్చుకుంటే చాలదా అంటుంది. మారతహళ్ళిలో అద్దె ఇల్లు, గోడకి మేకు కొడితే ఓనరు అడ్వాన్సులో కోస్తాడు. మీ ఇళ్ళలో ఎలా సర్దుకున్నారు? మాస్కు ముక్కు వరకే, పైపు ముందువైపు తగులుకునే రకం. ప్రెషర్ ఆటోలో, అంటే మిషనే 8 నుంచి 14 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య మార్చుకుంటుంది.

వేళచేరి_వరద (చెన్నై)

పైనుంచే. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాదు. పైనుంచి దిగితే మనిషి ఏ పక్కకి తిరిగినా పైపు తనతోపాటు తిరుగుతుంది, ఒంటి కిందకి పోయే ఛాన్సే ఉండదు, మెడకి చుట్టుకుంటుందన్న భయమూ ఉండదు. హుక్కు నడినెత్తికి సూటిగా, పరుపు మీంచి రెండు మూడడుగుల ఎత్తులో ఉండాలి. పైపు దాని మీద అటూ ఇటూ జారాలి కానీ బిగించి కట్టకూడదు. చాలామంది జిప్ టై వేసి బిగించేసి, పైనుంచి పెట్టుకున్నా లాగుతోందండీ అని ఏడుస్తారు. లాగక ఏం చేస్తుంది?

గురక_మాస్టారు (బెంగళూరు)

వరద గారూ, మీ గదిలో ఏసీ ఎంత మీద పెడతారో ముందు చెప్పండి.

హ్యుమిడిఫయర్ (మిషన్‌లో గాలికి తేమ ఇచ్చే నీళ్ళ ట్యాంకు) నుంచి వచ్చేది వెచ్చటి తడి గాలి. అది చల్లటి గదిలో ఆరడుగులు ప్రయాణం చేసేసరికి చల్లబడుతుంది, చల్లటి మజ్జిగ గ్లాసుకి బయట చెమట పట్టినట్టు దీనికి పైపు లోపల పడుతుంది. హుక్కుకి మిషన్ వైపున్న సగంలో పట్టిన నీళ్ళు వెనక్కి జారి ట్యాంకులో పడతాయి, సంతోషం. హుక్కు దాటాక పట్టిన నీళ్ళు ఎటు పోతాయి? కిందకి, అంటే నేరుగా ముక్కు దగ్గరికి. తెల్లవారుజామున మంచి నిద్రలో ముక్కులోకి నీళ్ళు చిమ్మితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పైగా మీ పద్ధతిలో పైపు మొత్తం ఏసీ గాలికి ఎదురుగా వేలాడుతుంది. దుప్పటి కింద ఉంటే ఒంటి వేడికి పైపు వెచ్చగా ఉంటుంది, నీళ్ళు పట్టడమే తగ్గుతుంది. ఖర్చు సున్నా. వాళ్ళమ్మగారు చెప్పిందే కరెక్టు.

వేళచేరి_వరద (చెన్నై)

మాస్టారూ, దుప్పటి కింద పైపు పెట్టుకుని పడుకునేవాళ్ళు బెంగళూరులో ఉంటారేమో, చెన్నైలో మే నెలలో దుప్పటి ఎవరు కప్పుకుంటారండీ. ఏసీ 26 మీద పెట్టి ఫ్యాన్ తిప్పుతాం. హ్యుమిడిఫయర్ మీట ఒకటో రెండో దగ్గర పెడితే మా ఊరి గాలికి చాలు, అసలు ఆపేసేవాళ్ళూ ఉన్నారు. నీళ్ళు పడుతున్నాయంటే తేమ ఎక్కువ పెట్టారని అర్థం, తప్పు హుక్కుది కాదు. అంతగా అయితే గుడ్డ తొడుగు వేయండి. పాత కాటన్ చీర ముక్క గొట్టంలా కుట్టినా పనిచేస్తుంది.

బయోమెడికల్_బాబాయ్ (బెంగళూరు)

ఈ మిషన్లు సర్వీసు చేసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం చెప్తాను. ఇద్దరూ సగం సగం కరెక్టే. కానీ సిగ్నల్ గారు ఒక విషయం చెప్పకుండానే ఇద్దరూ తీర్పులు ఇచ్చేస్తున్నారు. ఆ స్టూలు ఎంత ఎత్తు? మిషన్ ఎప్పుడూ పడుకున్న మనిషి తలకంటే కిందే ఉండాలి. ట్యాంకులో నీళ్ళున్న మిషన్ తలకంటే ఎత్తులో పెడితే పైపులోని నీళ్ళన్నీ మాస్కువైపే వస్తాయి, ఎవరైనా తగిలి మిషన్ ఒరిగిందంటే ట్యాంకు నీళ్ళు కూడా. స్టూలు పరుపుతో సమానంగా ఉందనుకోండి, పైపు మధ్యలో కిందకి వేలాడి ఒక గుంట ఏర్పడుతుంది, నీళ్ళన్నీ అక్కడ చేరి గుడగుడమని శబ్దం. అది విని మిషన్ పాడైందని మాకు ఫోన్ చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేలకి అడుగు ఎత్తులో చిన్న పీట వేసి పెట్టండి. వట్టి నేల మీద వద్దు, ఫిల్టరులోకి దుమ్ము లాగుతుంది.

రెండోది, పైపు లావు. మామూలు పైపు లోపలి వ్యాసం 19 నుంచి 22 మిల్లీమీటర్లు ఉంటుంది, సన్నరకం 15. సన్నది తేలిక, బాగా వంగుతుంది, మాస్కు మీద లాగుడు బాగా తగ్గుతుంది. చివర్లలో రబ్బరు కప్పులు మాత్రం రెండింటికీ 22 కొలతే, అందుకే ఏ మాస్కుకైనా దాదాపు పట్టేస్తుంది. సన్న పైపులో గాలికి అడ్డు ఎక్కువ, కాబట్టి మిషన్ సెట్టింగుల్లో ట్యూబ్ రకం మార్చాలి. రెస్‌మెడ్ కంపెనీ మిషన్లు ఎయిర్‌సెన్స్ 10, 11 రెండింటిలోనూ అది ఉంది. పొడుగు చాలక రెండు పైపులు కలిపేవాళ్ళకి కూడా ఇదే చెప్తాను, అడ్డు పెరిగిన కొద్దీ మాస్కు దగ్గర ప్రెషర్ తగ్గుతుంది, మిషన్‌కి ఆ సంగతి చెప్పకపోతే అది తన లెక్కలో తాను పోతుంది.

ఒక ముచ్చట. 1981లో సిడ్నీలో కొలిన్ సల్లివన్ బృందం ఈ వైద్యం గురించి ప్రచురించినప్పుడు ఇప్పుడున్న మాస్కులు లేవు, ముక్కు దగ్గర గొట్టాలు సిలికాన్‌తో అతికించేవాళ్ళు. పైపు లాగినా ఊడేది కాదు పాపం. ఇప్పుడు మాస్కుని పట్టుకునేది మెత్తటి బెల్టే, అందుకే పైపు బరువు ఇంత సమస్య అయింది.

గురక_మాస్టారు (బెంగళూరు)

బాబాయ్ గారు సగం సగం అన్నారు కానీ చెప్పిందంతా నా వైపే ఉంది. మిషన్ కింద, పైపు పరుపు పక్కగా పైకి వచ్చి దుప్పటి కిందనుంచి ముఖం దగ్గరికి. నీటికి ఒకటే వాలు. పైనుంచి తెచ్చే పద్ధతిలో రెండు వాలులు.

పోరూరు_పిన్ని (చెన్నై)

మీరంతా మిషన్ పెట్టుకునేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు, పక్కన పడుకునేవాళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడరు. మా వారిది కూడా ముక్కు ముందు తగిలించే పైపే. ఆయన నావైపు తిరిగితే మాస్కు రంధ్రాల్లోంచి వచ్చే గాలి రాత్రంతా నా మెడ మీద కొడుతుంది, పైపు నా దిండు మీదికి వస్తుంది. మాస్టారు చెప్పినట్టు దుప్పటి కింద పెడితే నేను దుప్పటి లాక్కున్నప్పుడల్లా ఆయన మాస్కు ఊడుతుంది! మేము చివరికి మాస్కు మార్చాం. నడినెత్తి మీద పైపు తగులుకునే రకాలు ఉన్నాయి, రెస్‌మెడ్ పీ30ఐ, ఎన్30ఐ, ఫిలిప్స్ డ్రీమ్‌వేర్ ఆ కోవవే. గాలి రెండు చెంపల పక్కనుంచి వస్తుంది, ఒక పక్క ఒత్తిపెట్టి పడుకున్నా రెండో పక్కనుంచి అందుతుంది. పైపు ముఖం ముందు లేకపోతే సగం తగువు తీరిపోతుంది సిగ్నల్ బాబూ, మేకు కూడా అక్కర్లేదు, పైపుని మంచం తలవైపు వెనక్కి వదిలేస్తే చాలు.

వీటిలో చిన్న చిక్కు ఉంది. తలకి కొబ్బరినూనె రాసుకుంటే ఆ సిలికాన్ ఫ్రేము వెనక్కి జారిపోతుంది. ఆడవాళ్ళయితే కొప్పుతో ఇంకా తంటా, వదులు జడ వేసుకోవాల్సిందే.

బయోమెడికల్_బాబాయ్ (బెంగళూరు)

పిన్ని గారు చెప్పింది మంచి సలహా. ఒక్క హెచ్చరిక కలుపుతాను. కొన్ని మాస్కుల బెల్టు క్లిప్పుల్లో అయస్కాంతం ఉంటుంది. గుండెకి పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్ళు, తలలోనో ఒంట్లోనో లోహపు ఇంప్లాంట్లు ఉన్నవాళ్ళు అవి వాడే ముందు డాక్టరుని అడగాలి. 2022లో ఫిలిప్స్, 2023లో రెస్‌మెడ్ దీని మీద హెచ్చరికలు ఇచ్చాయి, అయస్కాంతం ఇంప్లాంటుకి కనీసం ఆరంగుళాల దూరంలో ఉండాలని. పక్కన పడుకునేవాళ్ళకి పేస్‌మేకర్ ఉన్నా ఇదే వర్తిస్తుంది.

వేళచేరి_వరద (చెన్నై)

మాస్కు మారిస్తే ఖర్చు వేలల్లో, హుక్కుకి వందలు కూడా కాదు. ముందు తక్కువ ఖర్చుది చూసి అది కుదరకపోతే కదా మాస్కు.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్ (బెంగళూరు)

బాబాయ్ గారూ, స్టూలు సరిగ్గా పరుపు ఎత్తే. గుడగుడ కూడా ఉంది, నేను చెప్పలేదు కానీ మీకెలా తెలిసిందో. పీట మీదికి దించాను, శబ్దం పోయింది. లాగడం మాత్రం అలాగే ఉంది. ఏసీ లేదు, కానీ డిసెంబరులో మా గది బాగా చల్లబడుతుంది. పైనుంచి దింపాలంటే గోడకి హుక్కు లేకుండా ఎలా? అంటించే హుక్కులు తెస్తే రెండో రాత్రికే డిస్టెంపరుతో సహా ఊడొచ్చింది, ఇప్పుడు ఓనరుకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా. సీలింగు హుక్కుకి తాడు కట్టమని మా తమ్ముడు అంటున్నాడు.

పోరూరు_పిన్ని (చెన్నై)

సీలింగు వద్దు బాబూ! ఫ్యాన్ రెక్కలు ఎంత దూరం తిరుగుతాయో కొలుచుకో, మామూలు ఫ్యానే 1200 మిల్లీమీటర్లు. తాడు గాలికి ఊగి రెక్కకి తగులుకుంటే మాస్కుతో సహా మనిషినే లాగుతుంది.

వేళచేరి_వరద (చెన్నై)

సెలైన్ స్టాండు. సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకి కూడా ఇస్తారు. కింద చక్రాలుంటాయి, ఎత్తు తగ్గించుకోవచ్చు, మంచం తలవైపు మూలలో నిలబెట్టి దాని కొక్కెం మీంచి పైపు వేయండి. గోడకి ఒక్క గీత పడదు. మంచం తలవైపు కిటికీ ఉంటే అది కూడా అక్కర్లేదు, గ్రిల్లుకి వెల్క్రో పట్టీ వదులుగా చుట్టి అందులోంచి పోనివ్వండి. చేత్తో చేసుకునే ఓపిక ఉంటే ఎస్పీ రోడ్డులో అరంగుళం పీవీసీ పైపు, రెండు ఎల్బోలు, ఒక క్లాంపు కొనుక్కుని మంచం కోడుకి బిగించండి.

గురక_మాస్టారు (బెంగళూరు)

చూశారా, మళ్ళీ పైకే తీసుకెళ్ళారు. ఏసీ లేదు, డిసెంబరులో చల్లగా ఉంటుంది అని ఆయన స్పష్టంగా చెప్పాడు. చల్లటి గదిలో పైపుని గాల్లో వేలాడదీస్తే ఏమవుతుందో పైన రాశాను, ఎవరూ జవాబివ్వలేదు.

వేళచేరి_వరద (చెన్నై)

జవాబు వేడి పైపు. లోపల సన్న తీగ ఉండి గాలిని మాస్కు దాకా వెచ్చగా ఉంచుతుంది, నీళ్ళ గొడవే ఉండదు. మీ దుప్పటి సిద్ధాంతానికి దానితో కాలం చెల్లింది మాస్టారూ.

గురక_మాస్టారు (బెంగళూరు)

దాని ఖరీదు కూడా చెప్పండి మరి. తక్కువ ఖర్చుది ముందు చూడాలని మీరే కదా అన్నారు.

బయోమెడికల్_బాబాయ్ (బెంగళూరు)

వేడి పైపు గురించి రెండు మాటలు. అది అన్ని మిషన్లకీ పట్టదు, కరెంటు కనెక్షను ఉన్న మోడల్‌కే, ఆ కంపెనీదే కొనాలి. కొన్నింటి మాన్యువల్లోనే దుప్పటితో కప్పొద్దని రాసి ఉంటుంది, అంటే మాస్టారి పద్ధతికి అది పనికిరాదు, వరద గారి పద్ధతికే పనికొస్తుంది. కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది, చిన్న బ్యాటరీ మీద నడిపేవాళ్ళు గుర్తుంచుకోండి.

వేళచేరి_వరద (చెన్నై)

అది నిజమే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మా ఏరియా మునిగి కరెంటు లేనప్పుడు హ్యుమిడిఫయరు, వేడి రెండూ ఆపేసి బ్యాటరీ మీద మిషన్ నడిపాం. ముక్కు ఎండిపోయింది కానీ బ్యాటరీ చాలాసేపు వచ్చింది.

కాఫీడే_కుమార్ (బెంగళూరు)

అందరికీ నమస్తే, చర్చకి కొంచెం బయటి ప్రశ్న, ట్యాంకులో ఆర్వో క్యాన్ నీళ్ళు పోయొచ్చా, బోరు నీళ్ళకి తెల్లగా పొర కడుతోంది.

బయోమెడికల్_బాబాయ్ (బెంగళూరు)

డిస్టిల్డ్ వాటరే పోయండి, రోజూ పాతవి పారబోసి. పైపు వారానికోసారి గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం మెత్తటి సబ్బుతో కడిగి నీడలో వేలాడదీయండి, ఎండలో ఆరేస్తే ప్లాస్టిక్ గట్టిపడి మళ్ళీ లాగడం మొదలవుతుంది.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్ (బెంగళూరు)

సన్న పైపు తెప్పించి సెట్టింగు మార్చాం, సెలైన్ స్టాండు అద్దెకి తెచ్చాం. పొద్దున్నే మిషన్ తెర మీద మాస్కు సీలు బాగుందనే చూపిస్తోంది. నీళ్ళు ఒకటి రెండు చుక్కలు వచ్చాయి, తేమ మీట తగ్గించి పైపుకి గుడ్డ తొడిగాం. అమ్మ స్టాండు చూసి ఇదేం శకునం అని గొణుగుతోంది గానీ నాన్న పట్టించుకోవట్లేదు.

గురక_మాస్టారు (బెంగళూరు)

ఒకటి రెండు చుక్కలు వచ్చాయి అని మీరే రాశారు. ఇంకా నవంబరే కదా, జనవరిలో చూద్దాం.

సిల్క్‌బోర్డ్_సిగ్నల్ (బెంగళూరు)

సరే మాస్టారూ :) ఇంకొక్కటే మిగిలింది, దోమతెర. స్టాండు తెర బయట ఉంది, పైపు లోపలికి రావాలంటే తెర అంచు ఎత్తిపెట్టాల్సి వస్తోంది, దోమలన్నీ ఆ సందులోంచే వస్తున్నాయి.

పోరూరు_పిన్ని (చెన్నై)

తెరకి తలవైపు, పైపు దిగే ఎత్తులో బెత్తెడు నిలువుగా కత్తిరించి, చొక్కా చేతి ముక్క లాంటిది గొట్టంలా కుట్టించి, లోపలి చివర ఎలాస్టిక్ వేయించు. పైపు చివర రబ్బరు కప్పు దూరేంత వదులు ఉండాలి, లేకపోతే ఉతికినప్పుడల్లా కుట్లు విప్పాలి. టైలరుకి పైపు తీసుకెళ్ళి చూపించు, నోటితో చెప్తే వాళ్ళకి అర్థం కాదు.