చర్చ: భట్టిప్రోలు ధాతు కరండాలు మన ఊరికి తిరిగి రావాలా?

తూర్పు బజారు వాసి (చర్చ ప్రారంభం)

ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా బౌద్ధ స్తూపంలో దొరికిన రత్నాలకు హాంకాంగ్‌లో జరగవలసిన వేలం ఆగిపోయి, 2025 జూలైలో అవి మన దేశానికి చేరుకున్నాయన్న వార్త చదివినప్పటి నుంచి మా అరుగు మీద ఒకే మాట నడుస్తోంది. అవి 1898లో బయటపడ్డాయి. మన భట్టిప్రోలు స్తూపపు దిబ్బలోని కరండాలు, అంటే ధాతువులు దాచిన పెట్టెలు, అంతకు ఆరేళ్ళ ముందే, 1892లో, పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు బయటపడ్డాయి. మూడు రాతి మంజూషలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు, అన్నిటికీ లోపల బుద్ధుడివని నమ్మి దాచిన ధాతువులు, అంటే శరీర అవశేషాలు. మంజూషలు మద్రాసు మ్యూజియానికి వెళ్ళాయి. ధాతువు 1920లో కలకత్తాలోని ధర్మరాజిక చైత్య విహారానికి చేరింది. ఊళ్ళో మిగిలినవి ఇటుకల వరుసలు, ఒక కంచె, ఒక నీలం బోర్డు.

మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం అవి అక్కడ ఉండటాన్ని అర్థం చేసుకోవచ్చు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత ఇన్ని దశాబ్దాలు గడిచినా మన ఊరు గట్టిగా ఒక్క మాట అడగలేదన్నదే నా బాధ. వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టాలని అనుకుంటున్నాను. పైగా మనది తెలుగు లిపి పుట్టిన ఊరు. పెద్దలు, మిత్రులు తమ అభిప్రాయాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

చెన్నైలో ఉంటున్న ఊరివాడు

అన్నగారూ, మీ ఆవేదన నాకు అర్థమవుతుంది కానీ తీర్మానాన్ని సమర్థించలేను. మీరు చెప్పిన మద్రాసు మ్యూజియం, అంటే ఎగ్మూరు మ్యూజియం, 1851 నుంచి నడుస్తున్న సంస్థ, అమరావతి శిల్పాలను సైతం ఇన్ని తరాలుగా కాపాడుతూ వస్తోంది. మన ఊళ్ళో అటువంటి వస్తువులను ఏ గదిలో, ఎవరి కాపలాలో ఉంచగలమో ముందు చెప్పండి.

మరొక మాట చెప్పక తప్పదు. దాదాపు 148 అడుగుల వ్యాసం ఉన్న మన మహాస్తూపం ఎలా నేలమట్టమైంది? బెజవాడ ఆనకట్ట వచ్చి, కాలువలు, రోడ్లు వేస్తున్న రోజుల్లో దాని ఇటుకలు రోడ్డు కిందికి, పాలరాతి పలకలు వెల్లటూరు లాకుకు పోయాయి. హుకుం తెల్లదొరలదే అయినా, ఆ రాళ్ళను మోసిన బండ్లు మన చుట్టుపక్కల ఊళ్ళవే అయి ఉంటాయి. అడ్డుపడినవారు ఒక్కరైనా ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు. పాత రికార్డుల్లో ఆ దిబ్బకు ఉన్న పేరు ‘లంజదిబ్బ’. బుద్ధుని ధాతువులు దాచిన చోటును అలా పిలిచే స్థితికి మన పూర్వులు వచ్చారంటే, ఆ చరిత్రను ఊరు ఎప్పుడో మరచిపోయిందనే కదా అర్థం.

విశ్రాంత తెలుగు పండితుడు

ముందుగా తూర్పు బజారు వాసి గారికి ఒక సవరణ. తెలుగు లిపి ఇక్కడ పుట్టిందని తీర్మానంలో రాయవద్దు. మంజూషల మీద చెక్కిన శాసనాల భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మిలోనే ఒక విశిష్టమైన రూపం. మామూలు బ్రాహ్మిలో హల్లు రాస్తే అందులో ‘అ’ దానంతటదే పలుకుతుంది. భట్టిప్రోలు లిపిలో అలా పలకదు, మనం తలకట్టు పెట్టినట్టు ‘అ’ కోసం హల్లుకు విడిగా ఒక గుర్తు చేర్చాలి. ఈ పద్ధతి తరువాతి శాతవాహన, ఇక్ష్వాకు శాసనాల్లో కొనసాగలేదు. తెలుగు, కన్నడ లిపుల వంశవృక్షం ఆ తరువాతి శాసనాల మీదుగా వచ్చిందని చెప్పేవారి వాదనకు బలముంది. లేని గొప్ప చెప్పుకుంటే ఉన్న గొప్పను కూడా ఎవరూ నమ్మరు.

ఉన్న గొప్ప ఏమిటో చెబుతాను. ఆ శాసనాలను ప్రకటించిన జర్మన్ పండితుడు బ్యూలర్ పాఠాన్ని చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దమని కొందరు, రెండో శతాబ్దమని కొందరు చెప్పే ఆ కాలంలో, ఒక మంజూష మీద చెక్కిన మాటల సారాంశం ఇది: కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ కలిసి బుద్ధుని శరీరధాతువులను నిక్షేపించడానికి ఈ మంజూషను, ఈ స్ఫటిక సముద్గాన్ని (భరిణెను) చేయించారు. అక్కడ తండ్రికీ తల్లికీ విడి పేర్లు లేవు. మన వీధుల్లో ఈనాటికీ ఫలానా అబ్బాయి వాళ్ళ నాన్న, వాళ్ళ అమ్మ అని పిలుస్తామే, అదే పిలుపు రాతి మీద ఉంది. మరొక మంజూష మీద నిగమ (పట్టణ సంఘం) సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. ఇంకొక చోట గోఠి, అంటే గోష్ఠి (ఒక సంఘం), దానికి ప్రముఖుడుగా కుబీరక రాజు కనిపిస్తాడు. ఆ మాటల్లో రాజు వేరుగా పైన నిలబడి దానం ఇచ్చినట్టు లేదు, ఊరివారి సంఘంలో ముందు వరుసలో ఉన్నట్టుంది.

కాబట్టి చెన్నై తమ్ముడు ‘ఊరు మరచిపోయింది’ అన్నది నిజమే కానీ, అది మన హక్కును తగ్గించదు. ఆ కరండాలను చేయించినవారు ఈ ఊరి కుటుంబాలు, ఈ ఊరి సంఘాలు.

రేపల్లె నుంచి ఒక పాఠకుడు

కలకత్తా విహారంలోని ధాతువును మాత్రం ఈ చర్చలో కలపవద్దని మనవి. అది నూరేళ్ళుగా పూజలందుకుంటున్నది. నిత్యం దీపం వెలిగే చోటు నుంచి తీసుకొచ్చి కంచె వెనక పెట్టమనడం న్యాయం కాదు.

బడిలో సాంఘికశాస్త్రం చెప్పే టీచరు

రేపల్లె వారి మాటతో ఏకీభవిస్తున్నాను. మిగిలిన విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది ఏడో తరగతి పిల్లలను దిబ్బకు తీసుకువెళ్ళాను. ఒక పాప ఇటుక మీద రెండు అరచేతులు పక్కపక్కన ఆనించి, ఇంకా చోటు మిగిలిందని చూసి, “టీచర్, ఇంత పెద్ద ఇటుక చేసినవాళ్ళ పేర్లేంటి?” అని అడిగింది. బోర్డు మీద తవ్వకాల సంగతి ఉంది కానీ ఆ అమ్మాయికి కావలసిన జవాబు లేదు. మాస్టారు పైన రాసిన కుర, శివ అనే పేర్లు ఆ రోజు నాకూ తెలియవు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో పాఠం చెబుతూ ఆ రెండు పేర్లు చెప్పలేకపోయినందుకు ఇది రాస్తుంటే కూడా మనసు చివుక్కుమంటోంది.

అసలు వస్తువులు వచ్చేవరకు పిల్లలు పెరగకుండా ఆగరు. ముందు మూడు మంజూషలకు కొలతకు కొలత సరిపోయే నకళ్ళు చేయించాలి. శాసన పాఠం భట్టిప్రోలు లిపిలో ఒక వరుస, దాని కింద తెలుగు లిపిలో ప్రాకృతం, ఆ కింద తెలుగు అర్థం వేయించాలి. నకలుకు కాపలా పెద్ద సమస్య కాదు, తడికి భయపడనక్కరలేదు, పిల్లలు చేత్తో ముట్టుకోవచ్చు కూడా.

తూర్పు బజారు వాసి

టీచరమ్మగారి ఉత్తరాన్ని మా అమ్మగారికి చదివి వినిపించాను. మాస్టారు చెప్పిన సవరణ ఒప్పుకుంటున్నాను, లిపి పుట్టిల్లు అన్న వాక్యం తీసేస్తాను. కలకత్తా ధాతువు ప్రస్తావన కూడా ఉండదు.

అయితే నకళ్ళతో సరిపెట్టుకోవడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. మూడింటిలో ఒక్క మంజూషనైనా, తగిన భవనం, కాపలా ఏర్పడిన తరువాతే, మన రాష్ట్రానికి అప్పుగా ఇమ్మని అడగడంలో తప్పేముంది? భవనం భట్టిప్రోలులోనే ఉండాలని పట్టుబట్టను, అమరావతి మ్యూజియంలో పెట్టినా మన పిల్లలు పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలరు. చెన్నై తమ్ముడు దీనికైనా ఒప్పుకుంటాడనుకుంటాను.

తీర్మానంలో మొదటి అంశంగా నకళ్ళు, పేర్ల పలక, రెండో అంశంగా ఒక మంజూష అప్పు అని మార్చి రాశాను. పేర్ల పలక మీది పాఠం మాస్టారే సరిచూసి ఇవ్వాలి. టీచరమ్మగారు ఆ పాపను గ్రామసభకు తీసుకువస్తే, ఆమె అడిగిన ప్రశ్నను ఆమె నోటితోనే సభలో చదివిద్దాం.