ముక్కు పక్కన మానని నల్లమచ్చ: కాల్పించే ముందు

గోదారిగట్టు: బేసల్ సెల్ కార్సినోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అని వెతికితే తెల్లవాళ్ల ముఖాల మీద గులాబీ బుడిపెలే కనిపిస్తాయి. మన ఒంటిరంగులో అది ఎక్కువగా నల్లగా ఉంటుంది, పుట్టుమచ్చే కదా అని వదిలేస్తారు. తేడా ఎలా పట్టాలి?

చర్మం_ఓపీ: అంచు చూడండి. చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి, టార్చి పక్కవాటుగా వేయండి. చుట్టూ సన్నటి గట్టు, దానికి ముత్యపు మెరుపు, మీద దారాల్లాంటి ఎర్రటి నాళాలు, మధ్యలో గుంట. పక్కు కడుతుంది, తువ్వాలు తగిలితే ఊడి రక్తం చెమరుస్తుంది, మళ్లీ పక్కు. నొప్పి ఉండదు, అక్కడే మోసపోయేది. నాలుగు వారాలైనా మానకపోతే చూపించాల్సిందే.

పులిపిరి_కాదు: పార్లర్లో కాల్పించినా, సున్నం-సోడా పెట్టినా, జీడి అంటించినా పైన మానుతుంది, లోపల మిగిలింది మచ్చ కింద పెరుగుతుంది. పరీక్షకు ముక్క కూడా మిగలదు.

స్లైడుపెట్టె: పంచ్ బయాప్సీ (గుండ్రటి బ్లేడుతో పరీక్షకు చిన్న ముక్క తీయడం) 3 లేదా 4 మి.మీ. చాలు, మత్తు అక్కడికక్కడే. ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో (చెడకుండా ఉంచే ద్రవం) వేయాలి, సెలైన్‌లో కాదు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది ఉత్త భయం. రిపోర్టులో రకం రాశారా చూడండి. నాడ్యులర్ అయితే అంచు తెలుస్తుంది. ఇన్‌ఫిల్ట్రేటివ్, మార్ఫియాఫామ్ రకాలు కంటికి కనిపించేదాన్ని దాటి పాకుతాయి.

గోదారిగట్టు: ఆపరేషన్‌లో చుట్టూ ఎంత తీస్తారు?

చర్మం_ఓపీ: మచ్చ 2 సెం.మీ. లోపు, అంచు స్పష్టంగా ఉంటే చుట్టూ 4 మి.మీ. కనురెప్ప మీదా ముక్కు కొన మీదా అంత చోటెక్కడిది? అక్కడికి మోస్ పద్ధతి: పలచటి పొర తీసి, అప్పటికప్పుడు గడ్డకట్టించి, అంచు మొత్తం మైక్రోస్కోపులో చూసి, మిగిలిన వైపే మళ్లీ తీస్తారు. మొదటిసారి వచ్చినదైతే ఐదేళ్లలో తిరగబెట్టడం సుమారు 1 శాతం, మామూలు కోతలో 10 దాకా.

స్లైడుపెట్టె: మోస్ లేని ఊళ్లో తొందరపడి ఫ్లాప్ (పక్క చర్మాన్ని తిప్పి గాయం మూయడం) వేయించుకోకండి. కోసిన ముక్కకు గడియారంలో 12 ఉండే వైపు (పై అంచుకు) గుర్తుకుట్టు వేయించి, రిపోర్టు వచ్చేదాకా డ్రెస్సింగ్‌తో ఆగడం మేలు. ఫ్లాప్ తిప్పేశాక అంచులో జబ్బు ఉందని తేలితే ఆ అంచు ఎటు పోయిందో వెతుక్కోవాలి.

పులిపిరి_కాదు: రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి. ముఖం మీద కుట్లు మామూలుగా 5-7 రోజుల్లో తీస్తారు.

గోదారిగట్టు: వయసు మీరి కోత తట్టుకోలేనివాళ్లకు?

చర్మం_ఓపీ: రేడియేషన్ ఉంది. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ (ఎండ చేసే నష్టాన్ని చర్మం సరిచేసుకోలేని పుట్టుజబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం అది సాధారణంగా వాడరు. మేనరికపు ఇళ్లలో రెండు మూడేళ్లకే ఎండ తగిలేచోటల్లా చిన్న చిన్న మచ్చలు కమ్మితే ఆ జబ్బును అనుమానించాలి.