మా ఆడ ఊసరవెల్లి గుడ్లు పెట్టలేకపోతోంది, ఎవరికి చూపించాలి?

అందరికీ నమస్కారం. మేం ఉప్పల్‌లో ఉంటాం. మా దగ్గర ఏడాదిన్నర వయసున్న ‘వీల్డ్’ అనే జాతి ఊసరవెల్లి ఉంది, పేరు చిట్టి. మన తోటల్లో కనిపించే రకం కాదండీ, దాన్ని పెంచడం నేరం. ఇది యెమెన్ వైపు జాతి, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాం.

ఈ జాతిలో ఆడవి మగది లేకపోయినా గుడ్లు పెడతాయి, ఫారం కోళ్లలాగే. పోయినసారి ఏ ఇబ్బందీ లేకుండా 38 పెట్టింది. ఈసారి పది రోజులుగా తంటాలు పడుతోంది. పొట్ట పక్కల గోలీల్లా చేతికి తగులుతున్నాయి. అడుగు లోతున తడి ఇసుక నింపి బకెట్ పెడితే రెండుసార్లు సగం తవ్వి వదిలేసింది. నిన్నటి నుంచి కొమ్మ ఎక్కడం లేదు, కళ్లు లోపలికి పోయాయి, పగలే మూసుకుంటోంది. ఇంట్లో ఊసరవెల్లి ఏమిటని గొడవ చేసిన మా అమ్మే ఇప్పుడు అర్ధరాత్రి లేచి చూసి వస్తోంది.

తప్పు నాదే అనిపిస్తోంది. వెలుగుతోంది కదా అని యూవీబీ బల్బు (ఎండకు బదులుగా పెట్టేది) ఏడాదికి పైగా మార్చలేదు. అది లేకపోతే కాల్షియం ఒంటికి పట్టదట, కాల్షియం లేకపోతే గుడ్లు బయటికి తోసే బలం ఉండదట.

దగ్గర్లోని క్లినిక్‌లో కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో ఇలాంటివాటికి ఎక్స్‌రే తీస్తారా? ఇంజెక్షన్లతో కాకపోతే ఆపరేషనే అంటున్నారు. ఎవరైనా చేయించారా, బతికిందా, ఎంతయింది? ఈ ఎండలో అంత దూరం ఎలా తీసుకెళ్లాలో కూడా చెప్పండి. రేపు పొద్దున్నే బయల్దేరాలి, చాలా టెన్షన్‌గా ఉంది.