నొప్పి లేని మరణశిక్ష నిజంగా సాధ్యమేనా? వైద్యం తెలిసినవాళ్లు చెప్పండి

డిబేట్‌లో నేను మరణశిక్షకు వ్యతిరేకంగా మాట్లాడాలి. తప్పుడు తీర్పు వస్తే సరిదిద్దలేమన్న వాదన సిద్ధంగానే ఉంది, దాని గురించి టెన్షన్ లేదు. చిక్కంతా శిక్ష అమలు చేసే పద్ధతుల దగ్గరే.

1792లో ఫ్రాన్స్ తల నరికే యంత్రం గిలెటిన్ తెచ్చినా, 1890లో న్యూయార్క్ ఎలక్ట్రిక్ కుర్చీ వాడినా, చెప్పిన కారణం ఒకటే: పాత పద్ధతి కంటే బాధ తక్కువని. 1982లో టెక్సాస్‌లో మొదలైన విషపు ఇంజెక్షన్‌కూ అదే మాట. అందులో ముందు మత్తుమందు, తర్వాత కండరాలను కదలనివ్వని మందు, చివర గుండెను ఆపే పొటాషియం క్లోరైడ్ ఇచ్చేవారు. మత్తు సరిగ్గా ఎక్కకపోతే? మనిషి లోపల నరకం పడుతున్నా, రెండో మందు వల్ల చూసేవాళ్లకు ప్రశాంతంగా నిద్రపోయినట్టే కనిపిస్తుంది కదా! నాకైతే ఇది ఖైదీ కోసం కాదు, సాక్షుల కోసం చేసిన ఏర్పాటులా అనిపిస్తోంది.

2024 జనవరిలో అమెరికాలోని అలబామా రాష్ట్రం నైట్రోజన్ వాయువు వాడింది, అంటే ఆక్సిజన్ అందకుండా ఖైదీ చేత నైట్రోజన్ మాత్రమే పీల్పించింది. ఖైదీ కొన్ని నిమిషాలు వణికి గిలగిలలాడాడని సాక్షులు చెప్పారు. అది స్పృహ ఉండగా జరిగిందా, పోయాక శరీరం చేసిన కదలికలా? మత్తు వైద్యులెవరైనా ఉంటే వివరించండి.

ఇంకొకటి. "బాధ లేని పద్ధతి దొరికితే ఒప్పుకుంటావా?" అని అవతలివాళ్లు అడుగుతారు. ఏమనాలి?