ఐదో తరగతిలో వలస కాలపు కథలు: ఎవరి వైపు నుంచి చదివించాలి?

పారమట్టా అమ్మ: సిడ్నీలో మా అమ్మాయి ఐదో తరగతి. 1788లో బ్రిటన్ నుంచి ఖైదీలను ఇక్కడికి తెచ్చిన ఆర్థర్ ఫిలిప్ ఓడల్లో వచ్చిన కుర్రాడి కల్పిత డైరీ చదివిస్తున్నారు. పుస్తకం నిండా అతని ఆకలి, కొరడా దెబ్బలు, ఇంటి మీద బెంగ. ఆ తీరంలో అప్పటికే ఉన్న గాడిగల్ ఆదివాసీ జనం చెట్ల చాటున కనిపించి మాయమవుతారు. మరుసటి ఏడాదే మశూచి వచ్చి వాళ్లలో ఎంతోమంది పోయారు. ఆ ఊసే లేదు.

వేపచెట్టు: కథను కథగా చదవనివ్వండి. పదేళ్ల పిల్లకి తేదీలు గుర్తుండవు, ఆ కుర్రాడి ఆకలి గుర్తుంటుంది.

పారమట్టా అమ్మ: అదే నా భయం. ఒక్కడి ఆకలే గుర్తుండిపోతుంది. గాడిగల్ పిల్ల వైపు నుంచి ఉత్తరం రాస్తానంటే టీచర్ వద్దన్నారట!

యారా తీరం: టీచర్ అన్నది న్యాయమే. వాళ్ల గొంతుతో బయటివాళ్లు రాయడం మీద ఇక్కడ చాలా అభ్యంతరాలున్నాయి. ఆ జనం రచయితలే రాసిన పుస్తకం కూడా పెట్టమనండి.

వేపచెట్టు: అప్పుడు మయాల్ క్రీక్ కూడా చెప్తారా? 1838లో అక్కడ వలసవాళ్ల ముఠా పిల్లలతో సహా కనీసం 28 మంది ఆదివాసులను చంపింది. విన్న పిల్లలు రాత్రి నిద్రపోతారా? చెప్తే ఆ ముఠాలో ఏడుగురిని ఉరి తీశారనీ చెప్పాలి.

పారమట్టా అమ్మ: మొదటి విచారణలో జ్యూరీ నిందితులు పదకొండు మందినీ వదిలేసిందనీ చెప్పాలి. ముఠాకి నాయకుడైన ఫ్లెమింగ్ అసలు దొరకనే లేదు.

గోదారోడు: ఉరి సంగతి ఆపి పుస్తకం గురించి మాట్లాడండి.

వేపచెట్టు: పుస్తకం గురించే చెప్తున్నా. ఇలాంటి పాఠం అయ్యాక "మీరూ బయటినుంచి వచ్చి లాక్కున్నవాళ్లేగా" అని క్లాసులో ఒకడు మా వాడిని అన్నాడు. ఏడుస్తూ ఇంటికొచ్చాడు. మనల్నీ తెల్లవాళ్లు ఏలారండీ! వాళ్లు చేసిన పాపం మా పిల్లాడి నెత్తినెందుకు?

పారమట్టా అమ్మ: పాపం మీ వాడిదని ఎవరన్నారు? కానీ ఈ నేల మొదట్లో ఎవరిదీ కాదన్న వాదన 1992లో ఆదివాసుల భూమి హక్కును ఒప్పుకున్న మాబో కోర్టు తీర్పు వచ్చేదాకా చట్టంలో నిలిచింది. మనం లోన్ తీసుకుని కొన్న ఇళ్లు ఆ నేల మీదే ఉన్నాయి. అల్లూరి కథ పిల్లలకి తెల్ల అధికారి వైపు నుంచి చెప్తామా? 1802లో చంపేసేదాకా సిడ్నీ చుట్టూ తెల్లవాళ్లతో పోరాడిన ఆదివాసీ వీరుడు పెమల్వుయ్ పేరు మాత్రం మన పిల్లలకి అక్కర్లేదా?

వేపచెట్టు: అల్లూరి మన మనిషి.

యారా తీరం: పెమల్వుయ్ కాడా? మన పిల్లలు పుట్టింది ఇక్కడే కదండీ.

వేపచెట్టు: రెండో పుస్తకం పెట్టమని అడగండి, నేనూ సంతకం పెడతాను. కానీ అది చదివిన రోజు మా వాడిని ఎవరూ వేలెత్తి చూపకుండా టీచర్ ఏం చేస్తారో కూడా అడగండి. ఆ జవాబు రాకుండా నేను ఒప్పుకోను.